పిల్లల్లో బ్లడ్ క్యాన్సర్: చికిత్స ముగిశాక కూడా ఫాలోఅప్ ఎందుకు?

పిల్లలకు క్యాన్సర్ అనగానే ఆశ వదులుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం సంపన్న దేశాల్లో ఈ పిల్లల్లో 80 శాతానికి పైగా కోలుకుంటున్నారు. చాలా పేద, మధ్య ఆదాయ దేశాల్లో ఇది 30 శాతం లోపే. వ్యాధిని ఆలస్యంగా గుర్తించడం, చికిత్సను మధ్యలో మానేయడం ఇందుకు ప్రధాన కారణాల్లో ఉన్నాయి.

చికిత్స ఎంతకాలం?

పిల్లల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఎక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. దీని చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. మొదటి నెల ముగిసేసరికే చాలామందిలో రక్త పరీక్షలు మెరుగుపడతాయి. అప్పుడే 'తగ్గిపోయింది కదా' అని మానేస్తే, పరీక్షకు దొరకని క్యాన్సర్ కణాలు మళ్లీ పెరుగుతాయి.

చివరి దశలో మందులు ఎక్కువగా ఇంట్లోనే వాడాలి. మెర్కాప్టోప్యూరిన్ రోజూ, మెథోట్రెక్సేట్ వారానికోసారి ఇస్తారు. మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయం. ఏ రోజు వేయాలో క్యాలెండర్‌లో రాసుకోండి.

జ్వరం వస్తే?

కీమో జరుగుతున్నప్పుడు జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే తెల్లారేదాకా ఆగొద్దు. రోగనిరోధక శక్తి తక్కువగా ఉంటుంది కాబట్టి ఇన్ఫెక్షన్ కొన్ని గంటల్లోనే ముదరవచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చికిత్స ముగిశాక ఏం చూడాలి?

వ్యాధి తిరగబెట్టే అవకాశం మొదటి రెండు మూడేళ్లలో ఎక్కువ. ఆ తర్వాత మందుల దీర్ఘకాలిక ప్రభావాలపై దృష్టి పెట్టాలి.

* గుండె: డాక్సోరుబిసిన్ వంటి మందులు వాడితే ఏళ్ల తర్వాతా సమస్య రావచ్చు. డాక్టర్ చెప్పిన గడువుల్లో ఎకో చేయించాలి.
* ఎముకలు: స్టెరాయిడ్ల వల్ల బలహీనపడవచ్చు. తుంటి, మోకాలి నొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు.
* ఎదుగుదల, చదువు: తలకు రేడియేషన్ ఇచ్చినవారిలో ఎత్తు, హార్మోన్లు, జ్ఞాపకశక్తిని గమనించాలి.
* టీకాలు: ఏవి మళ్లీ వేయించాలో, ఎప్పుడు వేయించాలో డాక్టర్‌నే అడగాలి.

ఖర్చు ఎలా?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ చికిత్స అందుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, ఫాలోఅప్ పరీక్షలు, మందులు కూడా ప్యాకేజీలో ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే ఆసుపత్రి, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి.

ఈ కాగితం తప్పనిసరి

చికిత్స ముగిసిన రోజే 'ట్రీట్‌మెంట్ సమ్మరీ' అడిగి తీసుకోండి. వాడిన మందులు, మొత్తం మోతాదులు, రేడియేషన్ వివరాలు అందులో ఉండాలి. దాన్ని ఫొటో తీసి ఫోన్‌లోనూ భద్రపరచండి. ఇరవై ఏళ్ల తర్వాత మరో ఊళ్లో మరో డాక్టర్‌ను కలిసినా, ఏ పరీక్షలు చేయాలో నిర్ణయించేది ఆ వివరాలే.