బియ్యంలో రాళ్ళు, బజార్లో కార్లు

పాత కారు కొనబోయేవాళ్ళకి మనవాళ్ళు చెప్పే మొదటి సలహా ఒకటే: "తెలిసిన మెకానిక్‌ని వెంటబెట్టుకుని వెళ్ళు." ఈ "తెలిసిన" అన్న మాట ఖరీదెంతో లెక్కగట్టిన పేపర్ ఒకటుంది.

దాన్ని రాసిన జార్జ్ ఆకర్లాఫ్ అప్పటికి బర్క్‌లీలో కొత్తగా చేరిన ప్రొఫెసర్. 1967లో పేపర్‌ని ఒక పత్రికకి పంపి, ఏడాదిపాటు ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చాడు. మొదటి తిరస్కరణ ఉత్తరం ఇక్కడ ఉండగానే అందింది. మూడు పత్రికలు వద్దన్నాక, 1970లో నాలుగోది "ది మార్కెట్ ఫర్ లెమన్స్" పేరుతో అచ్చేసింది. లెమన్ అంటే అమెరికా వాడుకలో, కొన్నాక గానీ అసలు రంగు బయటపడని కారు.

లెక్క సులువే. బాగున్న కారు విలువ 4 లక్షలు, పాడైంది 2 లక్షలు అనుకుందాం. ఏది ఏదో కొనేవాడికి తెలీదు కాబట్టి మధ్యస్థంగా 3 లక్షలు ఇస్తానంటాడు. మంచి కారున్నాయన "ఆ ధరకి నేనెందుకు అమ్మాలి?" అని ఇంటికి వెళ్ళిపోతాడు. ఇక బజార్లో మిగిలేవి చెడ్డవే. మోసగాడి వల్ల నష్టపోయేది మోసపోయినవాడొక్కడే కాదు, నిజాయితీగా అమ్మేవాడు కూడా. ఆకర్లాఫ్ పేపర్లో మన బజారు కూడా ఉంది: బియ్యంలో కావాలని కలిపిన, బియ్యపు రంగులోనే ఉండే రాళ్ళని ఓపిగ్గా ఏరుకునే భారతీయ గృహిణి.

తమాషా ఏమిటంటే, ఆ రోజుల్లో మన కార్ల కథ వేరు. షోరూమ్ దాటగానే కారు ధర ఎందుకు పడిపోతుందన్నది ఆకర్లాఫ్ ప్రశ్న. లైసెన్స్ రాజ్‌లో కొత్త బండికి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. అందుకే షోరూమ్ దాటిన బండికి పైన డబ్బులిచ్చి మరీ కొనేవాళ్ళుండేవారు. ఉన్నవి కూడా అంబాసిడర్, పద్మిని లాంటి రెండు మూడు మోడళ్ళే. వాటి గుట్టు వీధి చివరి మెకానిక్‌కి కంఠతా వచ్చు.

1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చింది. తొంభైల్లో రకరకాల మోడళ్ళు వచ్చాయి. అప్పుడు గానీ మనకి అసలైన లెమన్ సమస్య మొదలవలేదు. ఆకర్లాఫ్ నోబెల్ పంచుకున్నదీ, మారుతి "ట్రూ వాల్యూ" పేరుతో పాత కార్ల అమ్మకం మొదలుపెట్టిందీ ఒకే ఏడాది, 2001లో. కంపెనీ అక్కడ కారుతో పాటు అమ్మింది నమ్మకాన్ని.

ఇప్పుడు యాప్‌లు పేజీలకొద్దీ రిపోర్టులిస్తున్నాయి. కానీ రిపోర్ట్ ఇచ్చేవాళ్ళే అమ్మేవాళ్ళు కూడా అయినప్పుడు, రాళ్ళు ఏరుకునే పని మనదే. మీటర్ ముప్పై వేలు అంటుంటే బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉందా? అన్ని అద్దాల మీదా ఒకే ఏడాది ఉండి, ఒక్కదాని మీద వేరే ఏడాది ఉందా? సీటు బెల్టుని చివరిదాకా లాగితే వరద బురద చార కనిపిస్తుందా? ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయనిచ్చారా, లేక మనం వెళ్ళేసరికే వేడెక్కించి పెట్టారా?

ఇవన్నీ చూసినా కొంత అనుమానం మిగులుతుంది. ఆ అనుమానం మేరకు ధర తగ్గించి అడుగుతాం. ఆ తగ్గింపుని భరించేది ప్రతి సర్వీసు బిల్లూ దాచిపెట్టుకున్న మంచి యజమాని. అందుకే పాత కారు చూడ్డానికి వెళ్ళినప్పుడు బానెట్ కంటే ముందు ఆ బిల్లుల ఫైలు తెరవమనండి. అది ఉన్నచోట మరీ గీచి గీచి బేరమాడకండి.