‘మంత్రి’ శబ్ద విచారణ

ఆలయంలో అర్చకుడు ఉచ్చరించేది మంత్రం. రాజసభలో ప్రభువునకు హితం బోధించేవాడు మంత్రి. ఒకటి దైవోపాసనకు, మరొకటి రాజ్యపాలనకు సంబంధించినవైనా ఈ రెండు పదాలకూ మూలం ఒక్కటే.

‘మన్’ ధాతువునకు ఆలోచించుట అని అర్థం. మననం వల్లనే మంత్రానికి ఆ పేరు వచ్చిందని యాస్కుడు నిరుక్తంలో నిర్వచించాడు. ధాతుపాఠం ‘మంత్ర’ ధాతువునకు రహస్య సంభాషణమనే అర్థాన్ని చెప్పింది. మననం, గోపనం అనే ఈ రెండు లక్షణాలూ మంత్రోపదేశానికి ఎంత ముఖ్యమో రాజనీతికీ అంతే ముఖ్యం. మంత్రం గలవాడు, అనగా ఆలోచన గలవాడు, మంత్రి. ఋగ్వేదం పదవ మండలంలోని అంతిమ సూక్తం సభాసదుల మంత్రం, సమితి, మనస్సు ఏకం కావాలని ఆకాంక్షిస్తుంది. అక్కడ ప్రార్థన, సమాలోచన వేరు కావు.

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో మంత్రానికి ఐదు అంగాలు చెప్పాడు: కార్యారంభోపాయం, పురుష ద్రవ్య సంపద, దేశకాల విభాగం, ఆపదలకు ప్రతీకారం, కార్యసిద్ధి. చిలుకలు, గోరువంకలు సైతం మంత్రభేదం కలిగించాయని, ఆలోచన జరిగే చోటు పక్షులకు కూడా కనబడరాదని హెచ్చరించాడు.

ఈ శబ్దం సముద్రాలు దాటింది. మలయ భాషలో ‘మెంతెరి’ అయింది. పోర్చుగీసుల నోట రూపం మారి, చీనా దేశపు అధికారులను తెలిపే ‘మాండరిన్’ అయింది. ఇండోనేషియాలో నేటికీ అమాత్యులు ‘మెంతెరి’లే.

తెలుగునాట 13వ శతాబ్దిలో నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కన యజ్ఞం చేసి సోమయాజి అయ్యాడు. మంత్రాంగం, యజ్ఞమంత్రం ఒకే వ్యక్తియందు నిలిచాయి.

అయితే మంత్రాంగం పంతంగా మారితే ఏమవుతుందో రొంపిచెర్ల, కారంపూడి, గురజాల, మాచర్లలున్న పల్నాటి సీమ చూసింది. 12వ శతాబ్ది నాటి ఈ గాథ శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద కావ్యంలో నిలిచింది. గురజాల ప్రభువు నలగామరాజు కొలువులో బ్రహ్మనాయుడు మంత్రి. అనంతరం ఆ స్థానం నాయకురాలు నాగమ్మకు దక్కింది. రాజ్యం చీలింది. మలిదేవరాజు పక్షాన బ్రహ్మనాయుడు మాచర్లలో నిలిచాడు. చాపకూటిలో సర్వకులాలనూ ఒకే పంక్తిన కూర్చుండబెట్టిన సమదర్శి ఆయన. నాగమ్మ అసాధారణ ధీశాలి. ఇద్దరికీ ప్రజ్ఞ కొరవడలేదు. కానీ రాజ్యభవితవ్యాన్ని కోడిపందెం నిర్ణయించింది. ఓడిన పక్షం ఏడేండ్లు దేశం విడిచింది. గడువు తీరాక సంధికై వెళ్ళిన అలరాజు హతుడయ్యాడు. కారంపూడి రణరంగం రక్తసిక్తమైంది. నేటికీ కార్తిక అమావాస్యకు అక్కడ వీరారాధన జరుగుతుంది.

యుద్ధానంతరం బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలో తపస్సుకు ప్రవేశించాడని పల్నాటి ఐతిహ్యం. రాజ్యం కోసం మంత్రాలోచన చేసిన మంత్రి చివరకు ఏకాంత మననాన్ని ఆశ్రయించాడు. పదం పుట్టినదీ ఆ మననంలోనే. అది లోపించిన పదవిలో అధికారం మిగులుతుంది కానీ మంత్రిత్వం మిగలదు.