గంటకు ఐదు రూపాయల మారియో

గంటకు ఐదు రూపాయలు. ఒక్కడు ఆడినా అంతే, ఇద్దరు ఆడినా అంతే. మా కర్నూలు పాతబస్తీలో టీవీ గేము అద్దెకిచ్చే అంగళ్లలో 1990ల్లో నడిచిన ధర అది. నువ్వప్పటికి పుట్టలేదులే అబ్బీ. ఐదు రూపాయలు నీకిప్పుడు లెక్కలోకి రావు గానీ, ఆ పొద్దు ఆ డబ్బుకు ఒక ప్లేటు ఉగ్గాణి, పైన రెండు మిరపకాయ బజ్జీలు వచ్చేవి. పిల్లోళ్లు ఆ ఉగ్గాణి మానుకొని మారియోను దూకించినారు. కడుపు కట్టుకొని ఆడిన ఆటకు ఉండే రుచి వేరు నాయనా, చెబితే తెలిసేది కాదు.

అంగడాయన పద్ధతి ఖచ్చితం. ముందు దుడ్లు, తర్వాత ఆట. గోడ గడియారం చూసి పలక మీద సుద్దముక్కతో టైము రాసేవాడు. గంట అయినాక లేవాల్సిందే. మరీ బతిమాలితే ఐదు నిమిషాలు కొసరు. కొసరు లేనిదే ఏ బేరమూ తెగని కాలం గదా అది! ఆడేది ఇద్దరైతే చుట్టూ నిలబడి చూసేది పదిమంది. చూసేవాళ్ల జేబులో పైసా ఉండదు, సలహాలకు మాత్రం కొదవ లేదు. "దూకరా, ఇప్పుడు దూకు" అని అరిచి అరిచి, ఆడేవాని కన్నా ముందు వాళ్లకే చెమటలు పట్టేవి. కాంట్రా ఆట మొదలయ్యేముందు పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఆపైన బీ, ఏ నొక్కితే 30 ప్రాణాలు వస్తాయని ఎవడో ఒకడు తెలుసుకొని వచ్చినాడు. ఆ వారమంతా వీధిలో వాడే దొర.

క్యాసెట్టు పెడితే ఒక్కోసారి బొమ్మ వచ్చేది కాదు. తీసి, కింది అంచున ఉఫ్‌మని ఊది, మళ్లీ పెట్టేది. నోటి తేమకు లోపలి పిన్నులు పాడవుతాయి, ఊదొద్దని దాన్ని చేసిన కంపెనీ వాళ్లే చెప్పినారు. మన ఊర్లో ఎవడు వింటాడు? ఇక కరెంటు పోయిందంటే అందరిదీ ఒకటే గతి. మారియోలో ఎనిమిది లోకాలు, లోకానికి నాలుగు మెట్లు, మొత్తం 32. ఎంతవరకు పోయినామో దాచుకునే వసతి ఉండేది కాదు. ఎండాకాలం మధ్యాన్నం ఏడో లోకం దాకా పోయినోడు, కరెంటు పోతే మళ్లీ మొదటి లోకం నుంచి రావాల్సిందే. మొదటికే మోసం అంటారే, అదే.

ఆ మారియోను పుట్టించినోళ్లు ఎవరో మాకెవరికీ తెలీదు. మన అంగళ్లకు వచ్చినవి శానా మటుకు నకలు డబ్బాలు. జపాన్‌లో నింటెండో అనే కంపెనీ 1983లో ఫామికామ్ అనే ఆట డబ్బా తెచ్చింది, 1985లో సూపర్ మారియో వచ్చింది. వాటికి అచ్చుగుద్దినట్లు తైవాన్, చైనాల్లో నకళ్లు చేసి లోకమంతా అమ్మినారు. క్యాసెట్టు మీద 99999 ఆటలని రాసుండేది. లోపల చూస్తే ఉండేవి కొన్నే, వాటికే పేర్లు మార్చి మార్చి పెట్టినారు. అది తెలిసీ, పెద్ద అంకె ఉన్న క్యాసెట్టునే ఏరి కొనుక్కునేవాళ్లు మనోళ్లు. మారియోతో మన సీమ పిల్లోళ్లు అంత కాలం ఆడినా, అసలు కంపెనీకి అందులో నయాపైసా ముట్టిండదు.

ఆ కంపెనీ పుట్టుక చెప్తే నీకు నవ్వొస్తుంది. 1889లో క్యోటో నగరంలో ఫుసజిరో యమవుచి అనే ఆయన పేకముక్కల అంగడి పెట్టినాడు. హనాఫుడా అంటారు ఆ ముక్కలను. మల్బరీ బెరడు కాగితంతో చేత్తో చేసేవి. నెలకొక పువ్వు, పువ్వుకు నాలుగు ముక్కలు, మొత్తం 48. పేకాటతో మొదలైన ఇల్లు చూడు అది! మన దిక్కు పేక మాటెత్తితే ఇంట్లో ఆడోళ్ల మొహం మాడిపోయేది గానీ, పులిజూదానికి ఆ పేరు లేదు. గుడి మంటపం బండ మీదో, ఇంటి ముందర అరుగు మీదో, కడప బండకు గీతలు గీసుకొని, చింతపిక్కలు మేకలుగా, రాళ్లు పులులుగా పెట్టుకొని పొద్దు గూకేదాకా ఆడేది. ఆ ఆటకు గంటకింతని అద్దె అడిగినోడు లేడు. మేక కట్టేయబోయే పులిని చూసి పక్కనోడు దగ్గితే, సైగ చేసినావని పెద్ద గొడవ. సంగటి వేళకు ఇంటికి పోకుండా ఆ గొడవ తీర్చుకున్న పెద్దమనుషులను చూసినాను నేను.

పులిజూదం కాడ కూర్చుంటే లేవము గానీ, రా, యమవుచి కాడికి పోదాం. ఆయన మునిమనమడు హిరోషి యమవుచి 1949లో, చిన్న వయసులోనే పెత్తనం తీసుకొని 2002 దాకా నడిపినాడు. ఒక దశలో టాక్సీలు తిప్పినాడు, నీళ్లు పోస్తే అయిపోయే అన్నం అమ్మినాడు. కోటి విద్యలూ కూటి కొరకే గదా. ఏవీ నిలవలేదు. కడాకు నిలిచింది ఆటే. వాళ్ల కాడ గున్‌పేయి యొకోయి అని బొమ్మలు చేసే మనిషి ఉండేవాడు. ఎవరో రైల్లో పొద్దుపోక క్యాలిక్యులేటరు బొత్తాలు నొక్కుతాంటే చూసినాడంట. దాంట్లోనుంచి 1980లో గేమ్ అండ్ వాచ్ పుట్టింది. జేబులో పట్టే ఆట అన్నమాట. జేబులో ఆట అనే తలపు నీ సెల్లుతో రాలేదు అబ్బీ, నువ్వు పుట్టకముందే దానికి నడీడు వచ్చేసింది.

ఆట డబ్బాలకు ఆటలు కట్టే పని మన తెలుగునేలకు కూడా వచ్చింది. 2009లో హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్ వాళ్లు సోనీ ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' చేసినారు. దేవున్ని బొత్తాంతో ఆడించడమేందని అమెరికాలో కొందరు హిందూ పెద్దలు అభ్యంతరం చెప్పినారు. అదే హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర వాళ్లు 'దేశీ అడ్డా'లో కబడ్డీని, మన చిల్లాకట్టెను తెర మీదికి ఎక్కించినారు. మా ఊర్లో అది ఆడినోళ్లు తక్కువే. ఆ ఏడాది అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఒకేసారి మీద పడి కర్నూలు మునిగింది. పాతబస్తీ ఇండ్లలో టీవీలు, ఆట డబ్బాలు, పిల్లోళ్లు పోగేసుకున్న క్యాసెట్లు బురదలో కలిసిపోయినాయి. బట్టలు ఆరేసుకున్నట్లు క్యాసెట్లు మిద్దె మీద ఎండేసినోళ్లు ఉన్నారు. కొన్ని మళ్లీ పలికినాయి కూడా.

అప్పటికే లోకం సెల్లు దిక్కు తిరిగింది. 2008లో ఆపిల్ వాళ్లు యాప్‌ల అంగడి తెరిచినారు. యాంగ్రీ బర్డ్స్, క్యాండీ క్రష్ ఒకదాని వెనక ఒకటి దిగినాయి. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. నింటెండో మాత్రం సెల్లులో ఆట ఇయ్యమని భీష్మించుకుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అప్పుడు దాన్ని నడిపినాయన సతోరు ఇవాటా, తానే ప్రోగ్రాములు రాసి పైకొచ్చిన మనిషి. ఆటను ఊరికే పంచిపెడితే ఆటకు విలువ పోతుందని ఆయన భయం. 2012 మార్చితో ముగిసిన ఏడాది కంపెనీ నష్టాల్లో పడింది. అంతకుముందు 10 కోట్లు అమ్ముడుపోయిన వీ అనే డబ్బా తర్వాత వచ్చిన వీ యూ ఒకటిన్నర కోటి కూడా పోలేదు. ఆ కష్టకాలంలో ఇవాటా తన జీతం సగానికి కోసుకున్నాడు, ఒకసారి కాదు, 2011లోనూ, 2014లోనూ. కూలోళ్ల మీద పడకుండా తన గిన్నెలో బువ్వ తగ్గించుకున్న యజమానిని నేను మరిచిపోను.

2015 మార్చి 17న ఆయనే డీఎన్ఏ అనే సెల్లు ఆటల కంపెనీతో చేయి కలిపినాడు. సెల్లులో ఆట ఇస్తాము, కానీ మా డబ్బాను వదలము, సెల్లులో మారియోను చూసినోడు డబ్బా కాడికి రావాలనేదే మా ఉద్దేశమని చెప్పినాడు. కొత్త డబ్బా వస్తాందని అదే సభలో ప్రకటించినాడు. ఆ ఏడాది జులై 11న పోయినాడు పాపం, 55 ఏళ్లకే. నాటినోడు పంట చూడలేదు.

ఇక 2016. ఆ జులైలో పోకెమాన్ గో వచ్చి లోకమంతా సెల్లు పట్టుకొని వీధుల్లో తిరిగింది. నింటెండో షేరు ధర ఆకాశానికి పోయింది. తీరా చూస్తే ఆ ఆట చేసింది అమెరికాలోని నయాంటిక్. మాకు వచ్చే లాభం తక్కువేనని నింటెండో తానే బయటపెట్టింది. షేరు ధర దభీమని పడింది. కొనేముందు అడిగుంటే ఏం పోయింది వాళ్లకు? మన దిక్కు ఆ సెప్టెంబరులో జియో వచ్చింది, నవంబరులో పెద్ద నోట్లు రద్దయినాయి. డిసెంబరు నడుమలో జియోతో కలిసి పోకెమాన్ గో మన దేశంలో అడుగుపెట్టింది. ఏటీఎం ముందర వరసలో నిలబడి పిల్లోళ్లు సెల్లులో బొమ్మలు పడతాంటే, వెనకున్న ముసిలోళ్లు "వరస కదిలింది, నడువు నాయనా" అని తోసేది. నడవక, వెనక్కి తిరిగి ఆ బొమ్మను వాళ్లకు చూపించినోళ్లు కూడా ఉన్నారు. చూసి ముచ్చటపడింది కూడా వాళ్లే.

ఆ డిసెంబరు 15నే సూపర్ మారియో రన్ వచ్చింది. ఒక్క చేత్తో ఆడొచ్చు. మారియో తనంతట తానే పరుగెత్తుతాడు, నువ్వు దూకిస్తే సాలు. కాస్త ఊరికే ఆడించి, ఆపైన ఒక్కసారి 9.99 డాలర్లు కట్టమన్నారు. మన లెక్కలో ఆరునూర్ల పైమాటే. కట్టినాక మళ్లీ పైసా అడిగేది లేదు. మా అంగడాయన పద్ధతే, ముందు దుడ్లు, తర్వాత ఆట. నాలుగు రోజుల్లోనే 4 కోట్ల మంది దించుకున్నారు. జనవరి ఆఖరుకు ఆ లెక్క 7 కోట్ల 80 లక్షలైతే, డబ్బు కట్టినోళ్లు నూటికి ఐదుగురు దాటి కొంచెం, అంతే. నూర్ల రూపాయలు రీచార్జికి, కూల్‌డ్రింకుకు పోసినోళ్లు కూడా ఆటకు అంత ధరా అని మూతి ముడిచినారు. దాంట్లో ఒక లోపం నిజంగానే ఉన్నింది, ఎప్పుడూ నెట్టు ఉండాలి. ఆత్మకూరు దాటి నల్లమలలో బస్సెక్కినోనికి దోర్నాల దాకా మారియో కదిలేవాడు కాదు.

మరి డబ్బెట్ల వచ్చిందంటావా? 2017 ఫిబ్రవరిలో వచ్చిన ఫైర్ ఎంబ్లమ్ హీరోస్‌తో. ఆట ఊరికే ఇస్తారు. గట్టి వీరులు కావాలంటే దుడ్లు పెట్టి గోళాలు కొని తెరవాలి. ఎవరు వస్తారో ముందు చెప్పరు. జపాన్‌లో దీన్ని గాచా అంటారు, బొమ్మలిచ్చే మరల పేరు మీద వచ్చింది. మహానంది తిరునాళ్లలో అట్ట మీద చీటీలు అంటించి, అర్ధరూపాయికి ఒకటి చించుకోమనే అంగడి లేదూ, అదే ఇది. పెద్ద బొమ్మ పైన వేలాడుతాంటుంది, చేతికి వచ్చేది బుడగ. తేడా ఏందంటే తిరునాళ్ల కొన్ని దినాలకు ముగుస్తుంది, ఇది నీ దిండు కింద ముప్పొద్దులా తెరిచే ఉంటుంది. మారియో రన్ కన్నా ఈ చీటీల ఆటే ఎక్కువ రాబడి తెచ్చింది. అది లాభమే కావచ్చు గానీ, ధర ముందు చెప్పకుండా పిల్లోని చేతిలోనుంచి పది పది లాగే యాపారం నా మనసుకు ఎప్పుడూ మంచిదనిపించలేదు, ఎవరు చేసినా సరే.

ఇంకో సంగతి. క్యాసెట్టు కొంటే అది నీది. పక్కింటోనికి అరువిస్తావు, విసుగొస్తే ఇంకో క్యాసెట్టుకు మార్చుకుంటావు. అరువు తెచ్చుకున్నోడు సెలవులు అయ్యేలోపల గుడ్డలో చుట్టి తెచ్చియ్యాలి. ఇయ్యకపోతే వాళ్లమ్మ కాడ పంచాయితీ. సెల్లు ఆటకు అది లేదు. 2016లో వచ్చిన మీటోమోను 2018లో మూసినారు, డాక్టర్ మారియో వరల్డ్‌ను 2021లో మూసినారు. వాటిల్లో పోసిన దుడ్లకు గుర్తుగా చేతిలో ప్లాస్టిక్ ముక్క కూడా మిగలదు. ఈలోపల ఇవాటా చెప్పిన కొత్త డబ్బా, స్విచ్, 2017 మార్చి 3న వచ్చి 15 కోట్లు దాటింది. కంపెనీని నిలబెట్టింది అదే. సెల్లు ఆటలు దానికి దారి చూపే బోర్డులుగా మిగిలినాయి.

ఆ మధ్య ఒక పని చేసినారు, అది నీకు చెప్పాలనే ఇంతసేపు కూర్చోబెట్టినాను. 2017లో యానిమల్ క్రాసింగ్ పాకెట్ క్యాంప్ అనే ఆట వదిలినారు. ఊరికే ఆడొచ్చు, లీఫ్ టికెట్లని కొంచెం కొంచెం కొనాలి. ఏడేండ్లు నడిపి 2024 నవంబరులో దాన్ని ఆపేసినారు. ఆపి, అంతకుముందు ఆడినోళ్లు పోగేసుకున్నవి తెచ్చుకునేటట్లు, డిసెంబరులో అదే ఆటను ఒకే ధరకు అమ్మినారు. లీఫ్ టికెట్లు తీసేసినారు. ఒక్కసారి కడితే అంతా నీదే, ఎప్పుడూ నెట్టు ఉండాల్సిన పని కూడా లేదు. మీ చెల్లెలు పోయిన నెల నా కాడ దుడ్లు తీసుకొని కొనుక్కున్నది అదే. శ్రీశైలం బస్సులో కిటికీ పక్కన కూర్చొని, బైర్లూటి అడవిలో సిగ్నలు పోయినాక కూడా, చెట్ల కింద చేపలు పట్టుకుంటా ఉండింది.