మొదటి ర్యాంకు ఎవరిది? అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో లెక్కల తగవు

1966 నవంబర్ 19. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ఈస్ట్ లాన్సింగ్ పట్టణం. ఆ ఏడాది అంతవరకు ఓటమి ఎరుగని రెండు విశ్వవిద్యాలయాల జట్లు, నోటర్ డేమ్, మిషిగన్ స్టేట్, తలపడ్డాయి. ఆట చివరికొచ్చేసరికి స్కోరు 10-10. బంతి నోటర్ డేమ్ చేతిలో ఉంది. గెలుపు కోసం తెగిస్తే బంతి చేజారి ఓడిపోయే ప్రమాదం ఉంది. కోచ్ ఆరా పార్సేఘియన్ తెగించలేదు. అతని ఆటగాళ్ళు బంతిని జాగ్రత్తగా పట్టుకుని మిగిలిన సమయాన్ని గడిపేశారు. ఆట డ్రా అయింది. వారం తరువాత అదే జట్టు సదరన్ కాలిఫోర్నియాను 51-0తో చిత్తుగా ఓడించింది. పత్రికా విలేకరుల ఓటింగులోనూ, కోచ్‌ల ఓటింగులోనూ ఆ ఏటి ప్రథమస్థానం నోటర్ డేమ్‌కే దక్కింది. అదే ఏడు అలబామా జట్టు ఆడిన ఆటలన్నీ గెలిచింది. ఒక్క డ్రా కూడా లేదు. దానికి దక్కింది మూడోస్థానం!

ఇదేం న్యాయం అని అలబామావాసులు ఆనాడు అడిగారు. ఈనాటికీ అడుగుతూనే ఉన్నారు. దీనికి జవాబు వెతకాలంటే ముందుగా ఆ ఆట సంగతి కొంత తెలియాలి.

మనం ఫుట్‌బాల్ అనే ఆట వేరు, అమెరికన్లు ఫుట్‌బాల్ అనే ఆట వేరు. వారి బంతి కోలగా ఉంటుంది. దాన్ని ఎక్కువగా చేత్తోనే పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు. ఎదుటి జట్టువారు మీదపడి కింద పడేస్తారు. 1869 నవంబర్ 6న రట్‌గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల మధ్య జరిగిన పోటీని ఈ ఆటకు ఆరంభంగా చెబుతారు. రట్‌గర్స్ 6-4తో గెలిచింది. ఒళ్ళు హూనమయ్యే ఆట కనుక వారానికి ఒకటికి మించి ఆడలేరు. చలికాలం ముదిరేలోపు ఒక్కో జట్టు ఆడేది పది, పన్నెండు ఆటలు మాత్రమే.

చిక్కంతా ఇక్కడే ఉంది. పై స్థాయిలో ఆడే విశ్వవిద్యాలయాలు ఇప్పుడు 130కి పైగా ఉన్నాయి. లెక్క సులువుగా ఉండేందుకు 130 అనే అనుకుందాం. ప్రతి జట్టూ మిగతా అన్ని జట్లతో ఒక్కొక్కసారి ఆడాలంటే 130 × 129 ÷ 2 = 8,385 ఆటలు కావాలి. తలా పన్నెండు ఆటలు ఆడితే జరిగేవి 130 × 12 ÷ 2 = 780. అంటే అవసరమైన సమాచారంలో పదోవంతు కూడా మన చేతికి రాదు. మన క్రికెట్ లీగులో పాయింట్లు కూడితే చాలు, పట్టిక తయారవుతుంది. ఇక్కడ అలా కుదరదు. ఒక జట్టు పన్నెండు బలహీనమైన జట్లను ఓడించి ఉండవచ్చు. మరొకటి పన్నెండు బలమైన జట్లతో ఆడి రెండుసార్లు ఓడి ఉండవచ్చు. వీటిలో ఏది మేలు? ఇంకో విచిత్రం కూడా ఉంది. అమెరికా కాలేజీ క్రీడలను నడిపే జాతీయ సంఘం కింది స్థాయి ఫుట్‌బాల్ జట్లకు విజేతను తేల్చే పోటీలు పెట్టింది కానీ, పై స్థాయికి తానుగా ఏనాడూ అధికారికంగా విజేతను ప్రకటించలేదు. ఆ ఖాళీని ఎవరికి తోచిన పద్ధతిలో వారు పూరించారు.

మొదట పేరు తెచ్చుకున్నది ఒక అర్థశాస్త్ర ఆచార్యుడు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసే ఫ్రాంక్ డికిన్సన్ 1920లలో ఒక లెక్క తయారుచేశాడు. జట్లను బలమైనవి, బలహీనమైనవి అని రెండు తరగతులుగా విడదీశాడు. బలమైన జట్టును ఓడిస్తే 30 పాయింట్లు, బలహీనమైన జట్టును ఓడిస్తే 20. తమాషా ఏమిటంటే ఓడినా పాయింట్లు వస్తాయి: బలమైన జట్టు చేతిలో ఓడితే 15, బలహీనమైన జట్టు చేతిలో అయితే 10. వచ్చిన మొత్తాన్ని ఆటల సంఖ్యతో భాగించాలి. కాగితం మీద ఒకసారి ప్రయత్నించండి. ఎనిమిది బలహీనమైన జట్లను వరసగా ఓడించిన జట్టుకు సగటు 20. ఎనిమిది బలమైన జట్లతో ఆడి నాలుగు గెలిచి నాలుగు ఓడిన జట్టుకు 4 × 30 + 4 × 15 = 180, దాన్ని 8తో భాగిస్తే 22.5. సగం ఆటలు ఓడిన జట్టు అజేయమైన జట్టును దాటిపోయింది! ఇది తప్పని కొట్టిపారేయలేం. ఎవరితో ఆడారన్నది ఎంత ముఖ్యమో డికిన్సన్ ముందే నిర్ణయించుకున్నాడు. లెక్క ఆ నిర్ణయాన్నే బయటికి చెప్పింది.

1926లో ఆయన లెక్కకు షికాగోకు చెందిన ఒక దుస్తుల వ్యాపారి ట్రోఫీని జతచేశాడు. ఆ ఏడు విజేత స్టాన్‌ఫర్డ్. అప్పటి నోటర్ డేమ్ కోచ్ క్నూట్ రాక్నీ మహా చతురుడు. ఆచార్యుణ్ణి, వ్యాపారిని భోజనానికి పిలిచి, ఈ లెక్కను రెండేళ్ళు వెనక్కి తీసుకువెళ్ళమని ఒప్పించాడు. అలా 1925కు డార్ట్‌మత్, 1924కు నోటర్ డేమ్ విజేతలయ్యాయి. సూత్రం ఎంత నిష్పక్షపాతమైనదైనా, ఏ సంవత్సరం నుంచి వర్తింపజేయాలో చెప్పేది మనిషే.

తరువాత వచ్చినవారు పత్రికలవారు. 1935లో అసోసియేటెడ్ ప్రెస్ క్రీడా సంపాదకుడు అలాన్ గౌల్డ్ మిన్నెసోటా, ప్రిన్స్‌టన్, సదరన్ మెథడిస్ట్ జట్లు మూడూ సమానమేనని రాశాడు. మిన్నెసోటా అభిమానులు మండిపడ్డారు. ఆ తగవు తనొక్కడి మీదకు రాకుండా, మరుసటి ఏడు నుంచి దేశంలోని క్రీడా విలేకరులచేత వారంవారం ఓట్లు వేయించాడు. మొదటి విజేత మిన్నెసోటాయే. 1950లో యునైటెడ్ ప్రెస్ కోచ్‌లతో పోటీ ఓటింగు మొదలుపెట్టింది. ఈ ఓటింగులో ప్రతి ఓటరూ జట్లను వరసక్రమంలో రాస్తాడు. ఇరవై అయిదు జట్ల జాబితాలో మొదటిదానికి 25 పాయింట్లు, రెండోదానికి 24, అలా దిగుతాయి. 18వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త బోర్డా ఎన్నికలకు సూచించిన పద్ధతి ఇదే.

ఓట్లు వేయడం సరే, ఎప్పుడు ఆపాలి? అమెరికాలో సీజన్ ముగిశాక నూతన సంవత్సరం రోజుల్లో 'బౌల్' అనే ఆహ్వానపు ఆటలు జరుగుతాయి. గిన్నె ఆకారంలో కట్టిన స్టేడియాల నుంచి వచ్చిన పేరది. చాలాకాలం వీటిని సరదా ఆటలుగా చూశారు. అందుకే డిసెంబరులోనే ఆఖరి ర్యాంకులు ప్రకటించేసేవారు. ఫలితం ఎలా ఉండేదో చూడండి. 1950 విజేత ఓక్లహోమా 1951 జనవరి 1న కెంటకీ చేతిలో 13-7తో ఓడింది. 1964 విజేత అలబామా టెక్సస్ చేతిలో 21-17తో ఓడింది. కిరీటాలు మాత్రం పోలేదు. 1965లో విలేకరులు బౌల్ ఆటల దాకా ఆగారు. ఆ జనవరి 1న మొదటి, రెండో ర్యాంకుల జట్లు రెండూ ఓడిపోయాయి. నాలుగో ర్యాంకులో ఉన్న అలబామా మూడో ర్యాంకు నెబ్రాస్కాను ఓడించి పైకి ఎగబాకింది. డిసెంబరులోనే ఆగిన కోచ్‌ల పట్టికలో మాత్రం మిషిగన్ స్టేటే మొదటిది. 1966లో విలేకరులు మళ్ళీ పాత పద్ధతికి పోయారు. ఒకవేళ పోకపోయినా ఒరిగేది ఎంతో చెప్పలేం. నోటర్ డేమ్ ఆ రోజుల్లో బౌల్ ఆటలు ఆడేది కాదు. మిషిగన్ స్టేట్ ఉన్న సమాఖ్య నియమం ప్రకారం ఒకే జట్టు వరసగా రెండేళ్ళు వెళ్ళకూడదు. ఆడి గెలిచింది అలబామా ఒక్కటే. విలేకరులు 1968 నుంచి బౌల్ ఆటల తరువాతే ఓట్లు వేస్తున్నారు. కోచ్‌లకు జ్ఞానోదయం కావడానికి మరో దెబ్బ అవసరమైంది. 1973లో వారు కిరీటం పెట్టిన అలబామా డిసెంబర్ 31న నోటర్ డేమ్ చేతిలో ఒకే ఒక్క పాయింటు తేడాతో, 24-23తో ఓడింది. మరుసటి ఏడు వారూ మారారు.

1990, 1991, 1997 సంవత్సరాలలో విలేకరులు ఒక జట్టును, కోచ్‌లు మరో జట్టును విజేతగా చెప్పారు. దీంతో పెద్ద సమాఖ్యలు కలిసి 1998లో కొత్త ఏర్పాటు చేశాయి. ఓట్లను, కంప్యూటర్ లెక్కలను కలిపి మొదటి రెండు జట్లను తేల్చి, వాటి మధ్య ఆఖరి ఆట పెట్టడం ఆ ఏర్పాటు. ఇక్కడ గణితం రంగప్రవేశం చేసింది. నిజానికి గణితజ్ఞులకు ఈ సమస్య కొత్తది కాదు. 1895లోనే ఎడ్మండ్ లాండౌ చదరంగం పోటీల ఫలితాలను ఎలా లెక్కించాలో రాశాడు. 1929లో జెర్మెలో కూడా చదరంగం గురించే రాశాడు. 1993లో జేమ్స్ కీనర్ అనే గణితజ్ఞుడు మాత్రికల సిద్ధాంతాన్ని నేరుగా ఫుట్‌బాల్ ర్యాంకులకు అన్వయించాడు. బలమైనవారిని ఓడించినవారే బలమైనవారు అనే ఆ ఆలోచనకు దగ్గరి బంధువుతోనే 1998లో గూగుల్ వెబ్ పేజీలకు ర్యాంకులు వేసింది.

వాటిలో అందరికీ అర్థమయ్యే లెక్క వెస్లీ కాలీ అనే ఖగోళ భౌతికశాస్త్రవేత్తది. ఒక జట్టు ఇంకా ఆటే ఆడలేదు, దాని బలం ఎంత? తెలియదు కనుక 1/2 అనుకోవాలి. ఆడాక, గెలుపులకు 1 కలిపి, ఆటలకు 2 కలిపి భాగించాలి. ఇది లాప్లాస్ చెప్పిన పాత సూత్రం. ఒక ఆట ఆడి గెలిస్తే 2/3, ఓడితే 1/3. అయితే గెలిచిన జట్టు ఓడించింది ఎవరిని? ఇప్పుడు బలహీనమని తేలిన జట్టును! కనుక దాని విలువ కొంచెం తగ్గాలి. ఓడినవారిది కొంచెం పెరగాలి. ఇలా సరిచేస్తూ పోతే 5/8, 3/8 దగ్గర ఆగుతాయి. సూత్రరూపంలో చెప్పాలంటే: జట్టు విలువను (ఆటలు + 2)తో గుణిస్తే వచ్చేది, 1కి గెలుపు ఓటముల తేడాలో సగాన్ని, ప్రత్యర్థుల విలువల మొత్తాన్ని కలిపితే వచ్చేదానికి సమానం కావాలి. జట్టుకొక సమీకరణం. 130 జట్లయితే 130 సమీకరణాలు, కంప్యూటర్‌కు క్షణంలో పని.

కంప్యూటర్ వచ్చింది కదా, తగవు తీరిందా? 2003లో రెండు ఓటింగుల్లోనూ సదరన్ కాలిఫోర్నియా మొదటిది. కలిపిన లెక్కలో మాత్రం మూడోది. ఆఖరి ఆట లూయిసియానా స్టేట్, ఓక్లహోమా ఆడాయి, లూయిసియానా స్టేట్ గెలిచింది. విలేకరులు మాత్రం సదరన్ కాలిఫోర్నియాకే ఓటు వేశారు. మరుసటి ఏడు ఓట్ల వాటాను మూడింట రెండు వంతులు చేశారు. ఎంత తేడాతో గెలిచారన్నది లెక్కలోకి తీసుకోవద్దని 2002లోనే కంప్యూటర్లవారికి ఆంక్ష పెట్టారు. ఓడిన జట్టును ఇంకా ఇంకా చితకబాదడం ఆటగాళ్ళకు మంచిది కాదన్నది దాని వెనుక ఉన్న ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కానీ ఉన్న కొద్దిపాటి సమాచారంలో కొంత పారేసి సరైన జవాబు చెప్పమంటే ఎలా? ఈ ఏర్పాటుకు లెక్కలు కట్టిపెట్టడం మానేయాలని 2006లో సంఖ్యాశాస్త్రవేత్త హాల్ స్టెర్న్ తన తోటివారికి పిలుపునిచ్చాడు.

అంతకన్నా పెద్ద లోపం రహస్యం. ఆరు కంప్యూటర్ లెక్కల్లో కాలీది తప్ప మిగిలినవి పూర్తిగా బయటపెట్టలేదు. 2010 డిసెంబరులో బయటి విశ్లేషకుడొకరు కాలీ లెక్కను తిరిగి వేసి చూస్తే ఒక ఆట ఫలితం చేరలేదని తేలింది. అది కింది స్థాయి జట్ల మధ్య జరిగిన ఆట. దాన్ని చేర్చగానే, ఆ ఆటతో ఏ సంబంధమూ లేని పదో స్థానపు లూయిసియానా స్టేట్, పదకొండో స్థానపు బోయ్‌సీ స్టేట్ తారుమారయ్యాయి. తెరిచి ఉన్న లెక్కలోనే తప్పు దొరికింది. మూసి ఉన్న అయిదింటి సంగతి ఎవరు చూడగలరు?

2014 సీజను నుంచి నాలుగు జట్లతో పోటీ పెట్టి, వాటిని ఎన్నుకునే పని 13 మంది సభ్యుల సంఘానికి అప్పగించారు. 2023లో ఫ్లోరిడా స్టేట్ 13 ఆటలకు 13 గెలిచింది. కానీ దాని ప్రధాన ఆటగాడు గాయపడ్డాడు. అతడు లేని జట్టు మునుపటి జట్టు కాదని సంఘం దాన్ని బయటే ఉంచింది. పదమూడు ఆటలు గెలిచిన కుర్రాళ్ళకు ఏమని చెబుతారు? సంఘం రాబోయే ఆటలో ఎవరు గట్టివారని చూసింది. ఆటగాళ్ళు జరిగిన ఆటల్లో ఎవరు సాధించారని అడిగారు. రెండూ వేర్వేరు ప్రశ్నలు, రెంటికీ ఒకే పట్టికలో జవాబు రాయబోయారు.

2024లో జట్ల సంఖ్యను పన్నెండుకు పెంచారు. ఆ సీజనులో ఓరెగాన్ 32-31తో ఒహాయో స్టేట్‌ను, తరువాత 38-17తో మిషిగన్‌ను ఓడించింది. మిషిగన్ 13-10తో ఒహాయో స్టేట్‌ను ఓడించింది. ఆఖరి పోటీల్లో ఒహాయో స్టేట్ 41-21తో ఓరెగాన్‌పై గెలిచి, 2025 జనవరి 20న నోటర్ డేమ్‌నూ ఓడించి విజేత అయింది. ఓరెగాన్, మిషిగన్, ఒహాయో స్టేట్‌ల మధ్య జరిగిన ఈ నాలుగు ఆటలనే తీసుకుని కాలీ సూత్రంతో మూడు సమీకరణాలు రాసి సాధించి చూడండి. ఓరెగాన్‌కు 4/7, మిషిగన్‌కు 1/2, విజేత ఒహాయో స్టేట్‌కు 3/7 వస్తాయి.