కడుపులో నెలలు, ఊళ్లో ఏళ్లు

ఉమ్మడి వరంగల్ జిల్లాలోని బమ్మెర పోతన ఊరుగా ప్రసిద్ధి. 15వ శతాబ్దంలో ఆయన తెనిగించిన భాగవతం తృతీయ స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి, కడుపులో పడ్డ నలుసు మనిషిగా మారే తీరును రోజుల లెక్కన, నెలల లెక్కన వివరిస్తాడు. మొదటి నెలకు తల, రెండో నెలకు కాళ్లూ చేతులూ, మూడో నెలకు గోళ్లూ వెంట్రుకలూ ఎముకలూ. గర్భాన్ని కాలక్రమంలో చూడాలన్న ఆలోచన మన నేలకు కొత్త కాదు.

సుశ్రుత సంహితలో ఇదే విషయం మీద పెద్ద చర్చ ఉంది. ముందు తల ఏర్పడుతుందని శౌనకుడు, గుండె అని కృతవీర్యుడు అంటారు. ధన్వంతరి మాత్రం అవయవాలన్నీ ఒకేసారి మొదలవుతాయనీ, మామిడి పిందెలో టెంక, పీచు, గుజ్జు విడిగా తెలియనట్టే అతి సూక్ష్మం కనుక అవి కంటికి కనబడవనీ తేల్చాడు.

ఆ సూక్ష్మాన్ని చూడటానికి మైక్రోస్కోపు కావలసి వచ్చింది. 1914లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఫ్రాంక్లిన్ మాల్ నాయకత్వాన కార్నెగీ పిండశాస్త్ర విభాగం ఏర్పడింది. అక్కడ సేకరించిన పిండాల ఆధారంగానే తొలి ఎనిమిది వారాల ఎదుగుదలను 23 దశలుగా విభజించారు. నాలుగో వారంలో మొలకలుగా పొడసూపిన చేతులకు ఎనిమిదో వారానికల్లా వేళ్లు విడివడతాయి. అయితే ఆ పిండాలన్నీ ఎదుగుదల ఆగిపోయినవి, ఒక్కొక్కటీ ఒక్కో తల్లివి. ఒకే బిడ్డ వెంట నడిచే వీలు అక్కడ లేదు.

పుట్టిన బిడ్డల విషయంలో ఆ పని అంతకుముందే మొదలైంది. ఫ్రాన్స్‌లో మాంబెయార్ అనే తండ్రి 1759 నుంచి 1777 దాకా తన కొడుకు ఎత్తును కొలుస్తూ వచ్చాడు. గర్భస్థ శిశువుకు ఆ అవకాశం 1958లో వచ్చింది. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం అల్ట్రాసౌండ్ చిత్రాలను ప్రచురించాక, ఒకే బిడ్డను తల్లి కడుపులోనే మళ్లీ మళ్లీ కొలవడం సాధ్యమైంది.

తెలుగు నేల ఈ చరిత్రకు ఇచ్చిన కానుక పల్లెల నుంచి వచ్చింది. 1987–90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో గర్భిణులనూ పిల్లలనూ నమోదు చేసింది. తల్లీపిల్లలకు పోషకాహారం అందించే ఐసీడీఎస్ పథకం అప్పటికి కొన్ని ఊళ్లకు చేరింది, కొన్నింటికి ఇంకా చేరలేదు. 15 ఊళ్లలో మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. గర్భిణికి రోజుకు సుమారు 500 కేలరీలు. మిగతా 14 ఊళ్లలో అది లేదు.

పరిశోధకులు 2003–05లో ఆ పిల్లలను మళ్లీ వెతికి పట్టుకున్నారు. అప్పటికి వాళ్లకు 13 నుంచి 18 ఏళ్లు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. వాళ్ల ధమనుల బిరుసు తక్కువ, ఇన్సులిన్ నిరోధకత కూడా తక్కువ. తల్లి గర్భంలోనూ పసితనంలోనూ అందిన పిడికెడు తిండి పదిహేనేళ్ల తర్వాత రక్తనాళాల్లో కనిపించింది!

మైసూరు హోల్డ్స్‌వర్త్ ఆసుపత్రిలో 1934 నుంచి దాచిన కాన్పుల రికార్డులూ ఇలాంటి పాఠమే చెప్పాయి. అక్కడ తక్కువ బరువుతో పుట్టినవారిలో పెద్దయ్యాక గుండెజబ్బు ఎక్కువగా కనిపించింది. నాడు బరువు రాసిన నర్సులకు, తాము రాస్తున్నది రేపటి శాస్త్రమని తెలిసి ఉండదు.

అలాంటి కొలతలు మన దగ్గరా ఉన్నాయి. వరంగల్‌లో 1959లో కాకతీయ వైద్య కళాశాల మొదలైంది. ఇక్కడి ప్రసూతి వార్డుల్లో పుట్టే ప్రతి బిడ్డ బరువూ తూస్తారు. తల్లి చేతిలోని ఎంసీపీ (తల్లీబిడ్డల రక్షణ) కార్డులో చివరి నెలసరి తేదీ, హిమోగ్లోబిన్, బీపీ ఉంటాయి. వెనక పేజీల్లోని ఎదుగుదల పటంలో ఆకుపచ్చ, పసుపు, నారింజ పట్టీల మీద అంగన్‌వాడీ టీచర్ చుక్కలు పెడుతుంది. బిడ్డ బడికెళ్లే వయసుకు ఆ కార్డు చిరిగి, ఎక్కడో పోతుంది. దాన్ని భద్రపరిచి, బడిలోనూ, పెద్దయ్యాక ఆసుపత్రిలోనూ కొనసాగించగలిగితే, మన జిల్లాలో షుగరు, గుండెజబ్బు ఎక్కడ మొదలవుతున్నాయో చెప్పే ఆధారం మన చేతిలోనే ఉంటుంది. కావలసిన కొలతలు రోజూ తీస్తూనే ఉన్నాం. వాటిని పారేసుకోకపోవడమే ఇప్పుడు చేయవలసిన పని.