చంపనేరని బలవంతులు

లండను నగరములో ఒక మామూలు వీథి వెంట నడచిపోవుచున్న స్టీఫెన్ జేమ్సన్ అను బాలునకు, చుట్టునున్నవారెవ్వరికిని వినరాని కంఠస్వరములు కొన్ని తన తలలోనే మ్రోగసాగినవి. ఎవరు పిలుచుచున్నారో తెలియదు. ఆ రొద ఎంతకును ఆగదు. చూచుచుండగనే పిల్లవాడు సొమ్మసిల్లి నడివీథిలో పడిపోయెను. కన్నులు తెరచునప్పటికి ఆసుపత్రిలో నుండెను. వైద్యులకు వ్యాధి అంతుచిక్కలేదు. కాని కేరొల్ అను ఒక యువతి, పెదవి కదపకయే, నీకు మతి చెడలేదనియు, నీవంటివారము మఱికొందఱము కలమనియు అతని మనస్సునకు నేరుగ తెలియజేసినది. 1973 ఏప్రిల్ 30వ తేదీ సోమవారమునాడు బ్రిటనులోని ఐటీవీ ప్రసారములలో 'ది టుమారో పీపుల్' అను పిల్లల ధారావాహిక ఈ విధముగ మొదలైనది. అతిమానుషశక్తులు గల బాలబాలికలనుగూర్చిన కథలు అంతకుముందును ఆ తరువాతను కొల్లలుగ వచ్చినవి గాని, శక్తి యనునది మొట్టమొదట ఒక జబ్బువలె వచ్చి మీదపడునని ఇంత సూటిగ చూపిన ప్రారంభము నాకు మఱియొకటి కనబడదు.

ఈ ధారావాహికను కల్పించినవాడు రోజర్ ప్రైస్. నిర్మించినది థేమ్స్ టెలివిజన్. బీబీసీవారి 'డాక్టర్ హూ' 1963 నవంబరు నుండి శనివారపు సాయంకాలములను ఏకచ్ఛత్రముగ ఏలుచుండగా, దానికి దీటు రాగల వైజ్ఞానిక కల్పన యొకటి ఐటీవీకిని కావలసివచ్చెను. 'డాక్టర్ హూ'లో లోకములను కాపాడువాడు వందలయేండ్ల వయస్సుగల ప్రాజ్ఞుడు. వెంటనుండు పడుచువారు ఆయనను ప్రశ్నలడుగుచు, ఆపదలలో చిక్కుకొనుచు, ఆయనచేత రక్షింపబడుచుందురు. ప్రైస్ ఆ పెద్దవానిని కథలోనుండి తొలగించి, భారమంతయు పిల్లల భుజములమీదనే పెట్టెను. 1979 ఫిబ్రవరి 19వ తేదీ వఱకు ఎనిమిది విడతలుగ 68 భాగములు ప్రసారమగుటకును, 'లుక్-ఇన్' అను పిల్లల వారపత్రికలో అదియే బొమ్మలకథగ నడచుటకును, ఆ కాలపు బాలురు అర్ధశతాబ్దము గడచిన పిమ్మట నేటికిని దానిని వెదకి చూచుచుండుటకును ఈ మార్పే మూలమని నేను తలంతును.

కథకు ఆధారమైన ఊహ సరళమైనది. మానవజాతి పరిణామక్రమమున తరువాతి మెట్టు ఇప్పటికే ఆరంభమైనది. ఆ మెట్టుమీది బిడ్డలు ఏ తల్లిదండ్రుల కడుపుననైనను, ఏ దేశముననైనను పుట్టుచున్నారు. కౌమారదశలో వారియందు మూడు శక్తులు మేల్కొనును: మనస్సుతో మనస్సు మాటలాడుట, చేయి సోకకయే వస్తువులను కదల్చుట, తలచిన చోటికి తత్క్షణమే చేరుట. ఆ మేల్కొను ఘట్టమును వారు 'బ్రేకింగ్ ఔట్' అందురు. అది బాధాకరమైనది, ప్రమాదకరమైనది; తోడులేనివాడు దానిని దాటజాలడు. అందుచేత ముందుగా ఒంటరిగ దానిని దాటిన జాన్ (ఈ పాత్రను మొదటినుండి చివరివఱకు ధరించినవాడు నికొలస్ యంగ్) తక్కినవారి పిలుపులకొఱకు చెవియొగ్గి కూర్చుండును. వారి స్థావరము లండను భూగర్భ రైలుమార్గమున పాడుపడిన ఒక పాత స్టేషను. అచ్చట వారికి అండగానుండునది టిమ్ అను జీవకంప్యూటరు. ఫిలిప్ గిల్బర్ట్ ఇచ్చిన ఆ గాత్రము, అల్లరి పిల్లలను మందలించుచునే వారి పక్షము వహించు మేనమామ గొంతువలె, మెత్తగను కొంచెము చమత్కారముగను వినబడును. యంత్రములు పగబట్టి మనుష్యులను చంపు కథలు ప్రబలియున్న కాలమున, వాత్సల్యము గల యంత్రమును పిల్లలకు చూపుట సామాన్యమైన సాహసము కాదు.

ఈ పిల్లలు తమ జాతిని 'హోమో సుపీరియర్' అని చెప్పుకొందురు. ఆ మాట 1935లో ఓలాఫ్ స్టేపుల్డన్ రచించిన 'ఆడ్ జాన్' అను నవలలోనిది. 1971లో డేవిడ్ బౌవీ తన పాటలలో నొకదానియందు దానిని వాడుటచేత కుఱ్ఱకారు నోళ్ళలోను నానినది. తలచిన చోటికి చేరుటకు వారు వాడు 'జాంట్' అను మాట 1956 నాటి ఆల్ఫ్రెడ్ బెస్టర్ నవల 'ది స్టార్స్ మై డెస్టినేషన్' నుండి దిగుమతియైనది. టెలిపతి గల పిల్లలను సంఘము వేటాడుటను జాన్ విండమ్ 1955లోనే 'ది క్రిసలిడ్స్' నవలలో వర్ణించెను. అమెరికాలో స్టాన్ లీ, జాక్ కర్బీలు 1963లో 'ఎక్స్-మెన్' బొమ్మలకథలను ప్రారంభించిరి. ఇట్లు చూచిన యెడల ప్రైస్ చేతిలోని సామగ్రిలో కొత్తది స్వల్పమే. అయినను ఆ పూర్వగ్రంథములను ఈ ధారావాహికతో కలిపి చదివినవానికి ఒక ఆశ్చర్యము కలుగక మానదు. స్టేపుల్డన్ సృష్టించిన జాన్ బాల్యముననే దొంగతనమునకు పోయి, తన్ను గుర్తుపట్టిన పోలీసును చంపును. తనవంటివాని మహత్కార్యమునకు అది తప్పనిసరియని సమాధానము చెప్పుకొనును. తుదకు ఒక ద్వీపమున తన జాతివారితో వలస నెలకొల్పి, ప్రపంచ రాజ్యములు వెంటబడగా ఆ ద్వీపముతోకూడ నశించును. బెస్టర్ కథానాయకుడు కథలో చాలభాగము పగతో రగిలిపోవువాడు. ఆ యిద్దఱియొద్దను మాటలు ఎరువు తెచ్చుకొన్న ప్రైస్, వారి నీతిని మాత్రము గడప దాటి రానీయలేదు.

ఏలయనగా, టుమారో పీపుల్ చంపలేరు. ఎవరో పెద్దలు విధించిన నియమమునకు లోబడి చంపకుండుట వేఱు, చంపుటకు శక్తియే లేకుండుట వేఱు. వారిది ఈ రెండవది. 'ప్రైమ్ బారియర్' అను ఒక అడ్డుకట్ట వారి చిత్తమునందు పుట్టుకతోనే యున్నది. ప్రాణము తీయుటకు వారి మనస్సే లోబడదు. పరిణామమున ఒక మెట్టు పైకెక్కుట యనగా హింసించు సామర్థ్యమును కోలుపోవుటయని ఈ పిల్లల కార్యక్రమము చెప్పుచున్నది. కథారచయితకు ఇది ఎంతటి చిక్కు తెచ్చిపెట్టునో ఆలోచింపుడు. తుపాకి పట్టిన శత్రువు ఎదుటనున్నను నాయకుడు అతనిని తుదముట్టింపజాలడు. మాయ చేయవలెను, మాటలతో మరల్పవలెను, పాఱిపోవలెను, లేదా ఆ శత్రువునే మిత్రునిగ మార్చుకొనవలెను. మొదటి కథలోనే స్టీఫెన్‌ను ఎత్తుకొనిపోవుటకు వచ్చిన మోటారుసైకిలు ముఠావాడొకడు పిదప వారికి ఆప్తుడగుట ఈ నిర్బంధమునుండి పుట్టిన సొగసే.

ఈ అశక్తతను రాజ్యములు సహింపవు. 1975లో వచ్చిన 'సీక్రెట్ వెపన్' కథలో బ్రిటిషు సైన్యమునకు చెందిన ఒక కర్నలు, మనస్సులు చదువగల పిల్లలను దేశమునకు రహస్యాయుధములుగ వాడుకొనజూచును. 1977 నాటి 'ది డర్టియెస్ట్ బిజినెస్' ఇంకను కఠినమైనది. పావ్లా అను రష్యను బాలికకు టెలిపతి శక్తి కలదు. ఆమెను గూఢచారిణిగ పంపినవారే, ఆమె దేహమునందు ఒక విధ్వంసక సాధనమును అమర్చియుంచిరి. బ్రిటిషు గూఢచారులకును ఆమె ఒక వస్తువు మాత్రమే. టుమారో పీపుల్ ఆమెను తమవారిలో చేర్చుకొనుటకు శక్తివంచన లేకుండ ప్రయత్నించియు రక్షింపలేకపోయిరి. బడినుండి వచ్చి, రొట్టె తినుచు తెర ముందు కూర్చుండు పిల్లలకు ఈ కథ చెప్పిరి! అందులో రెండు రాజ్యములలో నేది మంచిదో చెప్పకుండుట నాకు మిక్కిలి నచ్చిన గుణము. పిల్లలకు అబద్ధమైన ఓదార్పు నీయకపోవుట వారిని గౌరవించుట.

మన సంప్రదాయములో సిద్ధులకు కొదవలేదు. పతంజలి యోగసూత్రములలోని విభూతిపాదము పరచిత్తజ్ఞానమును, ఆకాశగమనమును పేర్కొన్నది. పురాణములలో తపస్సుచేత వరములు పొందినవారు కోకొల్లలు. కాని మనవారి దృష్టిలో శక్తి సాధకుడు కోరి సాధించునది. తపస్సు ఫలించి దానవుడు వరము పొందెనా, మరుక్షణమే ముల్లోకములకు ఉపద్రవము. స్టీఫెన్ ఏమియు కోరలేదు. గొంతు మాఱుట, మీసము మొలచుట ఎట్లు అడుగక వచ్చినవో ఈ శక్తియు అట్లే వచ్చినది. పదునాలుగేండ్ల ప్రాయమున ప్రతి బిడ్డయు తనలో ఏదో తప్పు జరుగుచున్నదని, అది తనకొక్కరికే జరుగుచున్నదని భయపడుచునే యుండును. ఆ భయమునకు ఈ కథ ఒక రూపమిచ్చి, నీకు జరుగుచున్నది తప్పు కాదనియు, దానిని దాటినవారు ఇదివఱకే కలరనియు పలికెను. బ్రిటనులో ఆ తరమువారికి ఈ కార్యక్రమముపైగల మమకారమునకు, ఎగురుటలు మాయమగుటలకంటె ఈ పలుకే మూలమని నా నమ్మకము.

ఆ పిలుపు ఎవరికి అందుచున్నదను విషయమునందును ప్రైస్ శ్రద్ధ వహించెను. 1974 నుండి ఎలిజబెత్ అడేర్ అను నల్లజాతి నటి, ఉపాధ్యాయశిక్షణలోనున్న ఎలిజబెత్ పాత్రను ధరించి, చివరివఱకు జాన్‌తో సమానస్థాయిలో ఆ బృందమును నడపెను. తెల్లవారు ముఖములకు నల్లరంగు పూసికొని ఆడిపాడు 'బ్లాక్ అండ్ వైట్ మిన్‌స్ట్రెల్ షో'ను బీబీసీ 1978 వఱకు నిరాటంకముగ ప్రసారము చేయుచునేయున్నదని గుర్తుంచుకొన్నప్పుడే దీని విలువ తెలియును. 1975లో టైసో అను జిప్సీ బాలుడు వచ్చిచేరెను. ఎలిజబెత్ మొదట కనబడిన 'ది బ్లూ అండ్ ది గ్రీన్' కథ నాకు ఈ ధారావాహికలో తలమానికము. ఒక బడిలో పిల్లలు నీలిరంగు బిళ్ళలు కొందఱును, ఆకుపచ్చ బిళ్ళలు కొందఱును ధరింపసాగుదురు. ఏ బిళ్ళ దేనికి గుర్తో ఎవ్వరికిని తెలియదు. అయినను నిన్నటి స్నేహితులు నేడు ఒకరినొకరు కొట్టుకొందురు. ఆ ద్వేషము బడిగోడలు దాటి ఊరంతయు ప్రాకును. క్రీ.శ. 532లో కాన్‌స్టాంటినోపిలు నగరమును తగులబెట్టిన నీలి, ఆకుపచ్చ రథపక్షముల తిరుగుబాటును చరిత్ర తెలిసినవారు వెంటనే స్మరింతురు. ఈ కథ ప్రసారమైన 1974 తొలినెలలలో బ్రిటనులో గనికార్మికుల సమ్మె, విద్యుత్తు కొఱతచేత వారమునకు మూడు దినములే పని, ప్రభుత్వమునకును కార్మికులకును నడుమ నిప్పులు చెఱగు వైరము, అకాలపు ఎన్నిక. కథలో కలహమును రగిల్చినవారు అన్యగ్రహవాసులేయైనను, నిప్పంటుకొనుటకు సిద్ధముగనున్న ఎండుగడ్డి మాత్రము అచ్చటిదే.

ఇన్ని చెప్పియు లోపములను దాచుట న్యాయము కాదు. ధనము చాలదు, టెడింగ్టన్ స్టూడియోలో అట్టముక్కల గోడలు అట్టముక్కలుగనే కనబడును. హిట్లరు అన్యగ్రహవాసియని తేల్చిన 1978 నాటి కథ, చరిత్రలోని మహాపాతకమును మనుష్యులమీదనుండి తొలగించి నక్షత్రములపై మోపినందున, నాకు ఎంతమాత్రమును రుచింపదు. కాని మాయమగు దృశ్యముల పేదఱికమును గూర్చి నాకు ఫిర్యాదు లేదు. నటుని నీలితెర ముందు నిలిపి, ఆ నీలిమను విద్యుత్సాధనముచేత తుడిచి, ఆ చోట వేఱొక దృశ్యమును అతికించుట ఆనాటి పద్ధతి. జాగ్రత్తగ చూచినచో జుట్టు అంచులవెంట నీలిజీర యొకటి వణకుచుండును. దేహము చుట్టు గీత తెగినట్లు కనబడును. ఆ అతుకును చూచుచునే పిల్లవాడు దానిని దాటి నమ్మును; తెర ఇచ్చినది సగము, తాను కల్పించుకొన్నది సగము. ఇక ఆరంభదృశ్యము సంగతి: చీకటిలోనుండి నలుపుతెలుపు చిత్రములు ఒకదానివెనుకనొకటి ప్రేక్షకునిమీదికి దూసికొనివచ్చును, వానిలో నొకటి బిగించిన పిడికిలి విచ్చుకొనుట. 'డాక్టర్ హూ'కును సంగీతము కూర్చిన డడ్లీ సింప్సన్ బాణీ దాని వెనుక మ్రోగును. ఏ ధనమును ఇంతకంటె మేలైన దానిని కొనితేజాలదు.

తెలుగునాట ఆ తరము పిల్లలకు ఇది దక్కలేదు. 1975, 76 సంవత్సరములలో ఉపగ్రహముద్వారా మన పల్లెలు కొన్నింటికి ప్రయోగాత్మకముగ టెలివిజన్ వచ్చినది. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977 అక్టోబరులో వెలసినది. అప్పటికి జాన్ బృందము తన కథలలో సగమునకుపైగ ముగించినది. మనలో ఆసక్తిగలవారు తరువాతికాలపు డీవీడీలద్వారా దీనిని ఎఱిగినవారే.

ప్రైస్ తానే 1992లో కొత్త నటులతో దీనిని మరల ప్రారంభించి 1995 వఱకు నడపెను. 2001 నుండి 2007 వఱకు పాత నటులతో శ్రవ్యనాటికలు వెలువడినవి. 2013లో అమెరికాలోని సీడబ్ల్యూ సంస్థ మరియొక రూపమును తెచ్చినది. అందు అందమైన యువకులు, నేర్పుగల పోరాటములు, అతుకు కనబడని మాయలు కలవు. చంపలేకపోవు లక్షణమునుకూడ నిలిపిరి. అయితే నాయకుడైన జాన్ ఒక రహస్యప్రయోగమునకు గుఱియై, ఆ అడ్డుకట్ట తెగి, చంపగలవాడాయెనని కల్పించిరి. ఆయుధము లేని నాయకునితో కథ నడపుటకు వారికి ధైర్యము చాలలేదు. ఒక్క విడతతో, 22 భాగములతో అది నిలిచిపోయినది. తక్కువ ధనముతో, అట్టగోడల నడుమ, రోజర్ ప్రైస్ అదే ధైర్యమును ఆఱేండ్లు నిలుపుకొనెను.