కొలతకు అందని దిగులు: జీవసూచికల అన్వేషణ

మనుబోలులో ఒక మనిషికి చక్కెర వ్యాధి ఉందో లేదో తేల్చడానికి ఒక రక్తపరీక్ష చాలు. అదే మనిషికి డిప్రెషన్ ఉందని తేల్చే, అందరూ అంగీకరించిన రక్తపరీక్ష ప్రపంచంలో ఎక్కడా లేదు. డాక్టరు ఈనాటికీ నిద్ర, ఆకలి, ఉత్సాహం గురించి అడిగి, మాట విని నిర్ణయించవలసిందే. వ్యాధిని గాని చికిత్స ఫలితాన్ని గాని తెలిపే, శరీరంలో కొలవగల గుర్తును జీవసూచిక అంటారు. మానసిక వైద్యంలో దానికోసం జరిగిన వెతుకులాటను ఇక్కడ చూద్దాం.

ఇందులో మీకు తెలిసిన పేరు ఒకటి ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించారు. కండరాల రసంలో ఆ రంగు రావలసినంత త్వరగా రాలేదు. ఎందుకని ఆరా తీస్తే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. మానసిక వ్యాధులు వారి దృష్టిలో లేవు. అయినా 1994లో జపాన్ పరిశోధకులు అయస్కాంత పద్ధతితో పరీక్షించి, ఒక రకం బైపోలార్ రోగుల మెదడు ముందుభాగంలో తగ్గి ఉందని చెప్పింది ఆ పదార్థమే.

లెడర్లేలో సుబ్బారావు నేతృత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆయన సోదరులిద్దరిని బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందయింది. ఫోలేట్ తక్కువగా ఉన్న డిప్రెషన్ రోగులలో మందు సరిగా పనిచేయడం లేదని తరువాతి కాలపు పరిశోధనలు కొన్ని సూచించాయి. అయితే, దిగులుతో అన్నం మానేసినవారికీ ఫోలేట్ తగ్గుతుంది కదా! కారణమేదో ఫలితమేదో విడదీయడం ఈ రంగంలో అసలు చిక్కు.

1981లో బెర్నార్డ్ కారల్ బృందం ప్రతిపాదించిన డెక్సామెథసోన్ పరీక్ష దెబ్బతిన్నదీ ఇక్కడే. రాత్రి మాత్ర ఇచ్చి, మర్నాడు రక్తంలో కార్టిసాల్ తగ్గిందో లేదో చూసేవారు. తీవ్రమైన డిప్రెషన్‌లో చాలామందికి తగ్గలేదు. కాని బరువు కోల్పోయినవారిలో, మతిమరపు వ్యాధి ఉన్నవారిలో కూడా తగ్గడం లేదని తేలడంతో ఆ ఉత్సాహం చల్లారింది.

నిలిచిన కొలత మరొకటి. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ ఉన్మాద స్థితికి లిథియం పనిచేస్తుందని ప్రకటించారు. అదే ఏడాది అమెరికాలో ఉప్పుకు బదులుగా లిథియం వాడినవారు కొందరు చనిపోయారు. రక్తంలో దాని మోతాదును కొలవడం వచ్చాకే మందుపై నమ్మకం కుదిరింది. అమెరికా 1970లో అనుమతించింది. సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు. ఇది వ్యాధిని చూపదు, మందును చూపుతుంది. మన తీరంలో రోహిణి కార్తె ఎండకు చెమటతో నీరు, ఉప్పు పోయినా, ఒంటినొప్పులకు ఐబుప్రొఫెన్ వేసుకున్నా, ఉన్నట్టుండి ఉప్పు మానేసినా ఆ అంకె పైకి పోవచ్చు. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, తడబడే నడక కనబడితే వెంటనే ఆసుపత్రిలో రక్తం చూపించాలి.